తీరం వెంట నడిచే నీరు

విశాఖ తీరంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేటకు వెళ్లిన మత్స్యకారుణ్ని అడగండి, వేసిన వల ఎటు ఒరుగుతోందో చూసి నీటి పోకడ చెప్పేస్తాడు. ఆ రోజుల్లో తీరప్రవాహం ఉత్తరానికి, ఒడిశా వైపు లాగుతుంది. అక్టోబరు వచ్చేసరికి అదే నీరు దక్షిణానికి మళ్లుతుంది. ఏటా ఇలా దిశ మార్చుకునే ఈ ప్రవాహమే ఈ సంచిక ముఖచిత్ర కథనం.

దాన్ని ఆకాశం నుంచి కొలిచే పద్ధతి నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. 1992లో ఎగిరిన టోపెక్స్-పొసైడన్ ఉపగ్రహం 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగాన్ని కిందికి పంపి, అది తిరిగొచ్చిన సమయాన్ని బట్టి సముద్రమట్టాన్ని కొద్ది సెంటీమీటర్ల తేడాతో చెప్పింది. సముద్రం చదును కాదు. ఒకచోట మిట్ట, ఒకచోట పల్లం. భూమి తిరుగుతోంది కనుక నీరు మిట్ట నుంచి పల్లానికి నేరుగా జారదు, మిట్ట చుట్టూ తిరుగుతుంది. ఆ వాలు తెలిస్తే ప్రవాహ వేగం లెక్కకు అందుతుంది.

ఉపగ్రహం చూపేది మట్టాన్ని. కారణం వెతకడానికి సముద్రాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే సంఖ్యా నమూనాలు కావాలి. ఎక్కడో భూమధ్యరేఖ దగ్గర వీచిన గాలి అలగా సాగి, సుమత్రాను తాకి, బంగాళాఖాతం అంచు చుట్టి వచ్చి మన తీరప్రవాహాన్ని కదిలిస్తుందని చూపించింది అవే. నమూనాలో ఒక గాలిని ఆపి ఇంకోదాన్ని ఉంచి చూడవచ్చు. అసలు సముద్రంలో అది ఎవరి తరం?

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఈ రెండింటి సాయంతోనే సముద్ర సూచనలు ఇస్తోంది. ఒడ్డుకు మరీ దగ్గరి నీళ్లలో మాత్రం పాత ఉపగ్రహాల కొలతలు తడబడతాయి. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం ఆ లోటును ఎంతవరకు పూడుస్తుందో రెండో వ్యాసం చర్చిస్తుంది.

– సంపాదకుడు