ముల్లు మాట నమ్మొచ్చా?

శ్రీకాకుళంలో మెకానిక్ "థర్మోస్టాట్ పోనాది బాబూ" అని కొత్తది వేశాడు. అయినా కళింగపట్నం దారిలో మా పాత జీపు టెంపరేచర్ ముల్లు మళ్ళీ ఎర్రగీతకి ఎగిరి, అంతలోనే పడిపోయింది. అన్ని లీటర్ల నీళ్ళు సెకనులో కాగి సెకనులో చల్లారతాయా?

లైట్‌హౌస్ దగ్గర ఇంజనాపి, చల్లారాక మూత తీస్తే నీళ్ళు నిండుగానే ఉన్నాయి. తాళం తిప్పి హెడ్‌లైట్లు వేశా. ముల్లు గెంతింది! దొంగ దొరికాడు: డాష్‌బోర్డు ఎర్త్ వైరు. సముద్రపు గాలికి బోల్టంతా తుప్పు. ఉప్పుకాగితంతో రుద్ది బిగించా, కుదిరింది.

మన ఆఫీసుల్లోనూ ఇదే తంతు. అలర్ట్ రాగానే సర్వర్ రీస్టార్ట్ చేసేస్తాం, ఆ అలర్ట్ పంపినవాడి ఆరోగ్యం ఎవడూ చూడడు. అలాగని ఎర్రగీత చూసి కూడా బండి ఆపొద్దనట్లేదు సుమా!

అన్నట్టు, తీసేసిన పాత థర్మోస్టాట్ భేషుగ్గా ఉంది. ఎవరికైనా కావాలా?