గవ్వలతో అర్ధజీవిత కాలం

పశ్చిమ బెంగాల్ ఉన్నత మాధ్యమిక విద్యామండలి అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

రేడియోధార్మిక పదార్థంలోని కేంద్రకాల్లో సగం విఘటనం చెందడానికి పట్టే వ్యవధే అర్ధజీవిత కాలం. అయొడిన్-131కి అది 8 రోజులు, కార్బన్-14కి 5,730 ఏళ్లు, థోరియం-232కి దాదాపు 1,400 కోట్ల ఏళ్లు. సూత్రం కంఠతా వచ్చిన విద్యార్థి కూడా రెండు అర్ధజీవిత కాలాలు గడిస్తే పదార్థమంతా అయిపోతుందని పొరబడుతుంటాడు. నిజానికి నాలుగో వంతు మిగిలే ఉంటుంది. చేత్తో చేసి చూస్తే ఈ పొరపాటు నిలవదు.

అందుకు రేడియోధార్మిక పదార్థం అక్కర్లేదు. వంద నాణేలు ఎగరేసి బొమ్మ పడ్డవి తీసేస్తే సుమారు సగం మిగులుతాయి. పాచికలు వేసి ఆరు పడ్డవి తీసేస్తూ పోతే సగం కావడానికి సగటున 3.8 సార్లు వేయాలి. అయితే ఈ రెండింటి జవాబూ ముందే లెక్క కట్టవచ్చు. గవ్వల సంగతి వేరు. గవ్వ వెల్లకిలా పడే అవకాశం ఎంతో దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది, కొలిచి తెలుసుకోవాల్సిందే. 1900లో మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్ చేసిందీ అదే. థోరియం నుంచి వెలువడే వాయువు రేడియోధార్మిక తీవ్రత సుమారు నిమిషానికోసారి సగమవుతోందని ఆయన కొలిచి కనుగొన్నాడు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలకు అష్టాచెమ్మా గవ్వలు, చింతపిక్కలు కొత్తవి కావు. తరగతిని పది జట్లు చేసి, జట్టుకు ఒకే సైజు గవ్వలు నలభై ఇవ్వాలి. ఒకే రకం కేంద్రకాలన్నిటికీ విఘటన అవకాశం సమానం కాబట్టి సైజు కలవడం ముఖ్యం. డబ్బాలో గలగలలాడించి నేల మీద వేశాక, వెల్లకిలా పడ్డవాటిని తీసేసి, ఒక్కోదానికి బదులు ఒక చింతపిక్కను పక్కన వరసలో పెట్టాలి. విఘటనం చెందిన కేంద్రకం మాయమవదు, మరో మూలకంగా మారుతుందని ఆ వరస చూపిస్తుంది. బోర్లా పడ్డవాటిని లెక్కపెట్టి, పట్టికలో రాసుకుని, మళ్లీ వేయాలి.

ఒక్క జట్టు గ్రాఫు ఎగుడుదిగుడుగా వస్తుంది. పది జట్ల లెక్కలు కూడితే 400 గవ్వల వక్రరేఖ నునుపు దేలుతుంది. 400 నుంచి 200కు, 200 నుంచి 100కు దిగడానికి దాదాపు అన్నే సార్లు వేయాల్సి వస్తుంది. ఆరుసార్లు బోర్లా పడిన గవ్వకు ఏడోసారి వెల్లకిలా పడే అవకాశం పెరగదు, తగ్గదు. చివరి గవ్వ ఎప్పుడు తిరగబడుతుందో ఎవరూ చెప్పలేరు. చింతపిక్కలకూ మిగిలిన గవ్వలకూ ఉన్న నిష్పత్తి చూసి ఎన్నిసార్లు వేశారో అంచనా కట్టవచ్చు. యురేనియం, సీసం నిష్పత్తిని బట్టి రాళ్ల వయసు చెప్పేదీ ఈ లెక్కతోనే.

శ్రీకాకుళం తీరపు ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉంది. జాదుగూడ యురేనియం గని పొరుగు రాష్ట్రంలోనే, టాటానగర్ దగ్గర ఉంది. పాఠానికి ఊరి పరిచయం కూడా ఉందన్నమాట.

కాబట్టి మండలి ఈ ప్రయోగానికి ఒక పీరియడ్ కేటాయించాలి. రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అందువల్ల ప్రయోగపత్రం తెలుగులోనూ రావాలి. ఏ రెండు జట్లకూ ఒకే అంకెలు రావు కనుక, మార్కులు అంకెకు కాక, ఉన్నది ఉన్నట్టు రాసిన పట్టికకూ దాని వివరణకూ ఇవ్వాలి.

ఇట్లు,
ఖరగ్‌పూర్‌లోని ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు