వార్నిష్ దాకా వచ్చి ఓడిపోకండి!

బొటనవేలి కణుపంత సైనికుడు. ఎత్తు 28 మిల్లీమీటర్లు. వాడి కోటుకి గుండీలు, టోపీకి ఈక, బూటుకి మట్టి... అన్నీ కుంచెతోనే! అలాంటివాళ్లను వందల్లో చేర్చి, ఒకప్పటి యుద్ధాలను బల్లమీద మళ్లీ ఆడటం ఓ హాబీ. పిల్లలాటేం కాదు. 'టైమ్ మెషీన్' రాసిన హెచ్.జి.వెల్స్ ఈ బొమ్మల యుద్ధానికి నియమాలు రాసి, 1913లో 'లిటిల్ వార్స్' పేరుతో పుస్తకమే వేశాడు. ఆట ఒక్క పూటే, రంగులకు మాత్రం నెలలు పడుతుంది.

మనకిదేం కొత్త విద్య కాదు. కామారెడ్డిలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఉత్తరాన గోదావరి దాటితే నిర్మల్. అక్కడి నకాషీ కళాకారులు పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతుకులు పూడ్చి, అది ఆరి నునుపు తేలాకే రంగు ముడతారు. సీసం సైనికుడికైనా అంతే. సబ్బునీళ్లతో కడిగి, ప్రైమర్ కొట్టి, ఆ తర్వాతే పల్చగా రంగులు.

అసలు పరీక్ష వార్నిష్ దగ్గర. ఆటలో వందసార్లు చేత్తో పట్టుకునే బొమ్మ కాబట్టి అది లేకపోతే ముక్కు, మోచేయి దగ్గర రంగు లేచిపోతుంది. ముందు గట్టిదనం కోసం గ్లాస్ వార్నిష్, అది ఆరాక మెరుపు చంపడానికి మ్యాట్. (యుద్ధంలో ఉన్నవాడి కోటు నిగనిగలాడితే ఏం బాగుంటుంది? నిర్మల్ చిలక మెరిస్తే అందం!)

స్ప్రే డబ్బాతోనే చిక్కంతా. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. కామారెడ్డి మేడమీదైనా, పోచారం, నిజాంసాగర్ నీళ్లకు దగ్గర్లో ఉన్న ఎల్లారెడ్డిలోనైనా ముసురుపట్టిన రోజు మ్యాట్ స్ప్రే కొట్టారా... సైన్యం మొత్తానికి బూడిద పూసినట్టు తెల్లటి పొర! నెలల కష్టం నిమిషంలో పాయె. పైన మళ్లీ గ్లాస్ వేస్తే కొన్నిసార్లు పొర పోతుంది, కొన్నిసార్లు పోదు. మే నెల మిట్టమధ్యాహ్నమూ పనికిరాదు. తుంపర గాలిలోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది.

వానల్లో ఆగలేకపోతే నీళ్లలో కలిసే అక్రిలిక్ వార్నిష్‌ను కుంచెతో వేయండి. సీసాను ఊపొద్దు, బుడగలొస్తాయి. పుల్లతో కలిపితే చాలు. ముందు ఒక్క సైనికుడికే వేసి, తెల్లారేదాకా ఆగి చూడండి. వాడు బాగుంటే మిగతా దళాన్ని పిలవండి.