భయానికి తెరమీద చికిత్స: ఒక వైద్యుని అభిప్రాయం

నాడి పట్టి చూడకుండా ఔషధం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. హిందూపురంలోని మా వైద్యశాలకు టెలిఫోను చేసి, ఫలానా బాధకు ఫలానా లేహ్యం పంపండి అని కోరేవారికి ఇన్ని సంవత్సరాలుగా ఒకటే జవాబు చెబుతున్నాను: మనిషి రావాలి. అటువంటి నేను ఈ వ్యాసంలో ఒక దూరచికిత్సను సమర్థిస్తున్నానంటే ఈ పత్రిక పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. కారణం మనవి చేస్తాను.

మా ప్రాంతం ప్రమాదాల రుచి ఎరిగిన ప్రాంతం. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సుబండిని హంపీ ఎక్స్‌ప్రెస్ ఢీకొని పాతికమంది మరణించారు. 2013 డిసెంబరు 28 వేకువన కొత్తచెరువు సమీపంలో బెంగుళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్ బోగీ ఒకటి దగ్ధమై ఇరవైఆరుగురు పోయారు. 2015 జనవరి 7న పెనుకొండ దగ్గర బస్సు లోయలో పడినప్పుడు చనిపోయినవారిలో చదువులకు బయలుదేరిన పిల్లలు ఎందరో ఉన్నారు. మృతుల సంఖ్య పత్రికలలో వస్తుంది. బ్రతికి బయటపడినవారు ఆ తరువాత రాత్రులు ఎలా గడుపుతున్నారో ఎక్కడా రాదు. ఆ సంగతి తెలిసేది ఇంటివారికి, ఆపైన మావంటి వైద్యులకు.

అయితే వారు భయమని చెప్పుకొంటూ రారు. కడుపు చెడిందని వస్తారు. గుండెదడ అని, మెడ పట్టిందని, అరచేతులు చెమర్చుతున్నాయని వస్తారు. చరకసంహితలో అతిసారం ఆరు విధాలని చెప్పి, వానిలో రెండింటికి భయాన్ని, శోకాన్ని కారణాలుగా చూపడం ఊరకే కాదు. భయం వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. ప్రకోపించిన వాతం ఎక్కడ సందు దొరికితే అక్కడ పట్టుకుంటుంది.

నేను వారంలో ఒకరోజు పెనుకొండలో, ఒకరోజు ధర్మవరంలో రోగులను చూస్తాను. కొన్ని సంవత్సరాల క్రితం ధర్మవరంలో ఒక పట్టునేత కార్మికుడు నా వద్దకు వచ్చాడు. ఒక ప్రమాదంలో తన పక్కన కూర్చున్న మనిషి ప్రాణం పోవడం కళ్ళారా చూసినవాడు. ఏ ప్రమాదమో చెప్పను. చెబితే మనిషి తెలిసిపోతాడు. మిగిలిన గుర్తులు కూడా మార్చి వ్రాస్తున్నాను. నిద్ర లేదు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వింటే ఒళ్ళు బిగుసుకుపోయేది. కల్యాణకఘృతం ఇచ్చాను. రాత్రివేళ తలకు బ్రాహ్మీతైలం, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేయించాను. విరేచనాలు కట్టాయి, అన్నం ఒంటబట్టింది, మూడు గంటల నిద్ర ఐదు గంటలైనది. నేను సంతోషించాను. రెండు సంవత్సరాలు సంతోషిస్తూనే ఉన్నాను. ఆ రెండేళ్ళలో అతడు ఒక్కసారి కూడా రైలు ఎక్కలేదు. రైలుకట్ట దాటవలసి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు. పెద్దకూతురి పెండ్లిమాటలకు బెంగుళూరు పోవలసి వస్తే తమ్ముణ్ణి పంపాడు. ఈ సంగతులు నేను అడగలేదు, అతడు చెప్పలేదు. ఎన్నడైనా ఆనాటి మాట ఎత్తబోతే, "మరచిపో నాయనా" అన్నాను. అది నా తప్పు. మరచిపోగలిగినవాడు వైద్యుని గడప ఎందుకు తొక్కుతాడు?

నేత్రచలన చికిత్స అనే మాట నాకు చెప్పినది అతని చిన్నకూతురు. డిగ్రీ చదువుతున్న పిల్ల. ఈఎండీఆర్ అని పొడి అక్షరాలతో వ్యవహరించే ఈ పద్ధతికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. నేత్రచలన చికిత్స అన్నది నేను పెట్టుకొన్న పేరు. అమెరికా దేశపు మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షపీరో 1987లో ఒక ఉద్యానంలో నడుస్తూ ఉండగా, కలతపెట్టే తలంపులు వచ్చినప్పుడు తన కళ్ళు వేగంగా ఇటూ అటూ కదలడం, ఆ వెనుక కలత తగ్గడం గమనించారు. బాధితుల మీద పరీక్షించి 1989లో ప్రకటించారు. మన దేశంలో 2001 గుజరాత్ భూకంపం తరువాత బాధితుల కోసం దీనిని వాడారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘోర సంఘటనల అనంతరం కలిగే మనోవ్యాధికి సిఫారసు చేసిన చికిత్సలలో ఇది ఒకటి. కనుక ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు.

పద్ధతి ఇది. మొదట రోగి చరిత్ర తెలుసుకుంటారు. తరువాత, మనస్సు కల్లోలమైతే తనను తాను నెమ్మదింపజేసుకొనే ఉపాయాలు నేర్పుతారు. అటుపిమ్మటనే ఆ జ్ఞాపకాన్ని తాకుతారు. ఆ దృశ్యాన్ని, దానితో పాటు తనను గురించి తనకు కలిగే చెడ్డ తలంపును, శరీరంలో ఆ బాధ తెలిసే చోటును మనస్సులో నిలుపుకొని రోగి చికిత్సకుని వేళ్ళ వెంట కళ్ళను కుడి ఎడమలకు కదుపుతాడు. సుమారు అరనిమిషం. ఆపి, ఇప్పుడు ఏమి తోస్తున్నదని అడుగుతారు. మళ్ళీ కదలిక. బాధ ఎంత ఉన్నదో సున్న నుండి పది వరకు అంకెలో చెప్పిస్తారు. ఒక్కొక్క విడత గంట, గంటన్నర పడుతుంది. రోగి పూర్తి మెలకువలో ఉంటాడు; ఇది హిప్నాటిజం కాదు. కళ్ళ కదలిక వలననే గుణం కలుగుతున్నదా, లేక జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోవడం వలననా అన్న వాదం పరిశోధకులలో ఇంకా తెగలేదు. గుణం కనబడుతున్నది గనుక ఆ వాదం తెగేవరకు రోగి ఆగనక్కర లేదని నా భావన.

ఇదంతా చెప్పినప్పుడు ఆ నేతగాడు నన్నొక ప్రశ్న వేశాడు. "దినామూ నాడె ఇట్లా అట్లా పోతాంటే చూస్తానే ఉండాను గదా సామీ, మరి నా భయం యాల పోలే?" నేను నవ్వాను గాని, ప్రశ్న మాత్రం గట్టిది. ఈ చికిత్స పేరు చెప్పి కంటి వ్యాయామాలు అమ్మేవారందరికీ ఆ ప్రశ్న వేయవచ్చు. కళ్ళు కదపడం ఒక్కటే చికిత్స అయితే ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చొన్నవారెవరికీ మనోవ్యాధి ఉండరాదు. కదలిక ఒక పనిముట్టు. దానిని ఎప్పుడు, ఏ జ్ఞాపకం మీద, ఎంతసేపు, ఎక్కడ ఆపాలి అన్నది ఎరిగిన మనిషి కావాలి. హఠయోగంలోని త్రాటకమూ ఇదీ ఒకటే కదా అని అడిగేవారు కూడా ఉన్నారు. కాదు. త్రాటకంలో చూపు నిలపాలి, ఇందులో కదపాలి; రెండింటి ప్రయోజనమూ వేరు.

మన వైద్యులలో కొందరికి, ఆయుర్వేదంలో లేనిది ఏమున్నది, పరాయి చికిత్సకు పంపడమెందుకు అన్న అభిమానం ఉన్నది. వారికి ఒకటి గుర్తు చేస్తాను. దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని చరకసంహిత చికిత్సను మూడు విధాలు చేసింది. మనస్సును అహితమైన విషయాల నుండి మరలించడం సత్త్వావజయం. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులు, ముస్లిములు కలిసి మొక్కులు తీర్చుకొంటూనే ఉన్నారు, కనుక మొదటిది మా ప్రాంతంలో కొరత లేదు. రెండవది మేము ఇచ్చే మందూ మర్దనా. మూడవది మాత్రం పేరు మిగిలి, పని మరుగున పడింది. నేను గురుకులంలో ఘృతపాకం నేర్చినంత శ్రద్ధగా దానిని నేర్వలేదు. నాతో చదివినవారూ నేర్వలేదు. నేర్వనిదానిని నేర్చినవారికి అప్పగించడంలో శాస్త్రానికి అవమానం లేదు. మరొక మాట. ఉన్మాద చికిత్సలో రోగిని భయపెట్టడం కూడా గ్రంథాలలో ఉన్నది. గ్రంథంలో ఉన్నది గదా అని, అసలే బెదిరిన మనిషిని ఇంకా బెదిరించడం నేటికాలంలో ఏ వైద్యుడూ చేయరాదు. భూతవైద్యం పేరిట అది చేసేవారు మా పల్లెలలో ఇప్పటికీ ఉన్నారు.

ఇక మనిషిని వెదకడం. ఈ పద్ధతి నేర్చినవారు మా మూడు ఊళ్ళలో నాకు ఎవరూ కనబడలేదు. హిందూపురం నుండి బెంగుళూరు సుమారు వంద కిలోమీటర్లే. కాని రైలు పేరు చెబితే వణికేవానిని ప్రతివారం రైలులో బెంగుళూరు పంపడం ఎలా? అందుచేత తెరమీద చికిత్సే దారి అయినది. ఆ పిల్ల ఎక్కడో ప్రకటన చూసి ఒకరిని కుదిర్చింది. ఆ మనిషి మొదటి రోజే, చరిత్ర సరిగా అడగకుండా, ఏ సన్నాహమూ లేకుండా, ప్రమాద దృశ్యాన్ని తలచుకో అని కళ్ళు కదిపించాడట. నడుమ లైను తెగిపోయింది. మళ్ళీ కలిసేసరికి ఇచ్చిన సమయం అయిపోయినదన్నాడు. తరువాత వారం దినాలు నేతగాడు మగ్గం మీద కూర్చోలేదు. విచారిస్తే ఆ మనిషికి ఉన్నది రెండురోజుల శిక్షణాపత్రం ఒక్కటే. నేను దిగులుపడ్డాను. ఇదంతా వదలి నా ఘృతానికే తిరిగి రమ్మందామని కూడా తోచింది. ఒక చెడ్డ శస్త్రవైద్యుణ్ణి చూసి శస్త్రచికిత్సనే నిషేధించడం వంటిదవుతుందని ఆగాను.

రెండవసారి ఆ పిల్లా నేనూ కలిసి కూర్చొని అడిగాము. ముందు మూలవిద్య. మనోవ్యాధి వైద్యుడు అయి ఉండాలి, లేదా క్లినికల్ సైకాలజిస్టుగా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. నమోదు సంఖ్య అడిగితే కోపగించుకొనేవారిని అక్కడే వదలివేయండి. దానిపైన నేత్రచలన చికిత్సలో పూర్తి శిక్షణ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేసిన అభ్యాసం ఉన్నాయా అని అడగాలి. ఈఎండీఆర్ ఇండియా అనే సంఘం ఒకటి ఉన్నది, దాని గుర్తింపు గల శిక్షణేనా అని అడగవచ్చు. మొదటి రెండు మూడు విడతలలో ఏమి చేస్తారని అడగండి. చరిత్ర, సన్నాహం అని చెప్పేవారు మేలు. మొదటి రోజే నయం చేస్తాననేవారు వద్దు. లైను తెగితే ఏమి చేస్తారు, ఇంట్లో ఎవరి ఫోను నంబరు తీసుకుంటారు అన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. మంచి చికిత్సకులు ఆ నంబరు తామే ముందుగా అడుగుతారు. మూర్ఛ ఉన్నా, కంటిజబ్బు ఉన్నా, ఆత్మహత్య తలంపులు ఉన్నా దాచకుండా ముందే చెప్పాలి. చివరి సందర్భంలో తెరమీద చికిత్స కోసం వెదుకుతూ కాలం గడపరాదు, వెంటనే 14416కు ఫోను చేయాలి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలీమానస్ నంబరు. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

తెలుగు అన్నాను గనుక మొదట వేసుకొన్న ప్రశ్నకు వస్తాను. నాడి చూడనిదే మందివ్వని నేను దీనిని ఎలా ఒప్పుకొన్నాను? దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని రోగపరీక్ష మూడు విధాలు. నా వైద్యానికి స్పర్శనం లేకుంటే గడవదు. నేత్రచలన చికిత్సలో ఎదుట కూర్చొన్నప్పుడు కూడా నాడి పట్టే పని లేదు. దర్శనం తెరమీద జరుగుతుంది. మిగిలినది ప్రశ్న, దానికి కావలసినది భాష. ఇంగ్లీషు తడుముకొంటూ భయాన్ని చెప్పే మనిషి సగం అక్కడే మింగివేస్తాడు. మా నేతగాడు "అదురు" అన్నదానికీ "బెదురు" అన్నదానికీ తేడా తెలిసిన చికిత్సకురాలు హైదరాబాదులో దొరికింది. హిందూపురంలో ఇంట కన్నడమో, ఉర్దూనో మాట్లాడేవారు ఆ భాషలవారినే వెదుక్కోవాలి.

ప్రమాదం చూసిన ప్రతివారికీ ఈ చికిత్స అక్కర లేదు. మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు చాలామందికి ఉంటాయి, వానంతట అవి తగ్గుతాయి. పెనుకొండలో ఒక పెద్దామె రహదారి ప్రమాదం తరువాత వేళకు భోజనం, రాత్రి గోరువెచ్చని పాలు, ఇరుగుపొరుగుల పలకరింపు, తన నమాజు, వీటితోనే నెలన్నరలో కోలుకున్నది. నెల దాటినా తగ్గకుండా, పనినీ ప్రయాణాన్నీ ఆపివేస్తున్నప్పుడే మనిషిని వెదకాలి. ఈలోగా నిద్ర కోసమని సర్పగంధ కొనుక్కొని మింగేవారు ఉన్నారు. అది రక్తపోటును పడవేస్తుంది, దిగులును పెంచగలదు. వైద్యుడు చెప్పనిదే ముట్టవద్దు. మనోవ్యాధి వైద్యులు ఇచ్చిన మాత్రలు వాడుతున్నవారు మా మందు మొదలుపెట్టి వానిని హఠాత్తుగా మానరాదు.

చివరకు మాకు ఎదురైన చిక్కు మరొకటి. నేతగాని ఇల్లు ఒకటే గది. అందులో సగం మగ్గం. అక్కడ భార్యాబిడ్డల ముందు, పక్కింటి మగ్గాల చప్పుడులో ఆనాటి సంగతి ఎలా చెబుతాడు? ఫోను తెర కళ్ళు కదపడానికి చాలదు; ల్యాప్‌టాప్ కూతురి స్నేహితురాలిది తెచ్చారు. ఒక్కొక్కప్పుడు కళ్ళకు బదులు, చేతులు రొమ్ముమీద అడ్డంగా పెట్టుకొని రెండు భుజాలను మార్చి మార్చి తట్టుకోమంటారు. మెక్సికోలోని అకపుల్కోలో 1997 తుఫాను బాధితుల కోసం రూపొందిన ఉపాయమట అది. అతనికి అదే ఎక్కువగా నప్పింది. చోటు మాత్రం నేను ఇచ్చాను. ధర్మవరంలో నేను కూర్చొనే ఇంటి లోపలి గదిలో మూలికల బస్తాలు జరిపి ఒక కుర్చీ వేయించాను. హిందూపురంలో, పెనుకొండలో ఉన్న తోటి వైద్యులు కూడా ఇట్లాంటి గది ఒకటి, వారానికి ఒక గంట ఇవ్వగలరా అని ఈ వ్యాసం ద్వారా అడుగుతున్నాను. ఖర్చు ఏమీ లేదు. ఆ గంటసేపు మా వీధివాకిట కల్వం నూరడం ఆపిస్తాను, అంతే.

ఇప్పటికి తొమ్మిది విడతలైనాయి. పోయిన నెల అతడు కూతురితో ధర్మవరం స్టేషను దాకా వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద కూర్చొని, రెండు బండ్లు పోయేవరకు చూసి ఇంటికి వచ్చాడు. ఘృతం సగానికి తగ్గించాను.