మేం కట్టిన బండికి నంబరేది?

అయ్యలారా, మేం దొంగతనం చెయ్యలేదు. ఇసుక తోలలేదు. సారా తోలలేదు. బండి కట్టుకున్నాం, అంతే. మా పేటలో, వేపచెట్టు కింద, ఆర్నెల్లపాటు ఆదివారాలూ రాత్రుళ్ళూ కూచుని, మా చేతుల్తో ఒక చిన్న ట్రక్కు కట్టుకున్నాం. ఆ నేరానికి మా బండి ఇవాళ ఒక ప్రహరీగోడ లోపల ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ, చక్రాల చుట్టూ గడ్డి మొలిచి పడుంది.

మేమంటే నలుగురం. ఒకడు లారీ బాడీలకు వెల్డింగు చేసేవాడు. ఒకడు పన్నెండో ఏట నుంచీ గ్రీజులో పెరిగిన మెకానిక్కు. ఒకడు పెయింటరు. ఇంకొకడు తెల్లారుజామున మార్కెట్టు నుంచి కూరగాయల మూటలు తోలే డ్రైవరు. ఊళ్ళో తిరిగే బళ్ళన్నీ మా చేతుల మీదుగా పోయినవే. ఒక్కటీ మాది కాదు. రోజంతా తోలితే వచ్చిన దాంట్లో సగం బండి ఓనరుకి, పావు డీజిలుకి. మిగిలింది మా ఇంటికి. కొత్త బండి కొందామంటే లక్షలు. ఫైనాన్సు వాడి దగ్గరికి పోతే వాయిదా తప్పిన మూడో నెలకే బండి ఎత్తుకుపోతాడు. ఇది మాలో ఇద్దరికి జరిగిందే. అందుకే అనుకున్నాం: మందికి కట్టిపెట్టే చేతులు మనకు మనం కట్టుకోలేవా?

లెక్క చెప్తాం, వినండి. తుక్కు కింద పోబోతున్న పాత మారుతీ ఓమ్నీ వ్యాను ఒకటి కాగితాలతో సహా 35 వేలకు దొరికింది. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయినా సామాను ఇంకా దొరుకుతుంది. పైగా దాని ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది, లాగేవి వెనక చక్రాలు, వెనకాల పట్టా స్ప్రింగులు. సరుకు బండికి కావల్సిన ఎముకలు దాన్లో ఉన్నాయి. చానెల్, పైపు, రేకు కలిపి 21 వేలు. స్ప్రింగుకి అదనపు పట్టాలు, బ్రేకు సామాను 14 వేలు. టైర్లకు 8 వేలు. వైరింగు, పెయింటు 5 వేలు. వెల్డింగు మిషను అద్దె 3 వేలు. మొత్తం 86 వేలు. మా కూలి కలపలేదు. మన కూలి ఎవడు కలిపాడు గనక!

పై రేకు కోసేసి వెనకాల తొట్టి పెడితే ట్రక్కు అయిపోతుందనుకునేవాళ్ళున్నారు. కాదు. ఓమ్నీకి లారీలాగా విడిగా చాసిస్సు ఉండదు. బాడీయే దాని వెన్నెముక. పైకప్పు కోస్తే నడుం విరిగినట్టే, నాలుగు మూటలు వేసేసరికి మధ్యలో వంగుతుంది. అందుకే ముందు కింద పొడవునా రెండు చానెళ్ళు వేసి, అడ్డపట్టీలతో నిచ్చెనలాగా బిగించి, ఆ తర్వాతే పైన కోశాం. ఈ సంగతి మాకు ఏ కాలేజీ చెప్పలేదు. వంగిన బళ్ళను ఇరవయ్యేళ్ళు సరిచేసిన చెయ్యి చెప్పింది.

మా తప్పు కూడా దాచుకోం. మొదటిసారి స్ప్రింగు బ్రాకెట్టుని చానెల్ కింది అంచుకి వెల్డింగు పెట్టాం. రెండు వారాలకే అంచు పక్కన వెంట్రుకలాంటి పగులు. బరువు పడినప్పుడు ఎక్కువ లాగుడు ఉండేది ఆ అంచు మీదే. అక్కడ కాల్చకూడదు, బెజ్జం పెట్టకూడదు. నిలువు ముఖం మీద ప్లేటు వేసి బోల్టులు బిగించాలి. మొత్తం విప్పి మళ్ళీ కట్టాం. బ్రేకు సంగతీ అంతే. ఖాళీగా ఉంటే ఆగిన బండి 400 కేజీలు వేస్తే ఆగలేదు. ఖాళీ మైదానంలో ఇసుక మూటలు వేసుకుని, సున్నంతో గీత గీసి, ఆగే దూరం అడుగులతో కొలిచి, సామాను మార్చి మళ్ళీ కొలిచాం. తొమ్మిదిసార్లు. తొమ్మిదోసారి ఆగాల్సిన చోట ఆగాక గానీ రోడ్డెక్కలేదు.

రోడ్డెక్కిన పదకొండో రోజు ఆపారు.

"ఆర్సీలో ప్యాసింజరు వ్యాను. రోడ్డు మీద గూడ్సు బండి. ఎవడ్రా దీన్ని ఇట్టా చేసింది?"

"మేమే సార్. ఒకసారి తోలి చూడండి సార్. బ్రేకు చూడండి."

"మీరేమన్నా ఇంజనీర్లంట్రా?"

బండిని తోలి చూడలేదు. కిందికి వంగి చూడలేదు. మమ్మల్ని చూశాడు, మా బట్టలు చూశాడు, తేల్చేశాడు. తనిఖీ అయిపోయింది!

చట్టం సంగతి మాకు తెలియదని కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేకుండా మార్చిన ఓనరుకి ఆర్నెల్ల దాకా జైలో, ఒక్కో మార్పుకి 5 వేల జరిమానానో, రెండూనో అని రాశారు. సరే, మార్చకూడదు. మరి మొత్తం మేమే కొత్తగా కట్టుకుంటే? దానికి ఇంకో తాళం. బండి తయారుచేసేవాడు ముందు నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థకు పంపి ఆమోదం తెచ్చుకోవాలి. కంపెనీ ఒక నమూనాకి ఆమోదం తెచ్చుకుని లక్ష బళ్ళు అమ్ముకుంటుంది, ఖర్చు లక్ష బళ్ళ మీద పంచుకుంటుంది. ఒక్క బండి కట్టుకున్నవాడు ఎవరి మీద పంచుకోవాలి? కొన్ని పరీక్షల్లో బండిని గుద్ది చూస్తారు. ఉన్న ఒక్క బండినీ గుద్దించుకుని ఏం తోలుకోవాలి?

అంటే ఏమిటి? ఈ చట్టం దృష్టిలో బండి తయారుచేసేవాడంటే కంపెనీవాడే. చేతి పనివాడు అనేవాడొకడు ఉన్నాడని దానికి తెలియదు. ఊరి బండిని ఎవరు కట్టారయ్యా? చక్రం వడ్రంగి చేశాడు. చక్రానికి ఇనప పట్టా కమ్మరి ఎక్కించాడు. ఎద్దు మెడలో తోలుపట్టెడ, పొలానికి నీళ్ళు తోడే మోటబొక్కెన మాదిగ కుట్టాడు. వందల ఏళ్ళు ఈ దేశం తిన్న తిండి ఆ బళ్ళ మీదే ఇంటికొచ్చింది. అప్పుడు ఎవడూ సర్టిఫికెట్టు అడగలేదు. మొన్న మొన్నటిదాకా లారీ కంపెనీ నుంచి ఇంజనూ చాసిస్సూ వస్తే, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో క్యాబినూ, తొట్టీ, బాడీ మొత్తం కట్టింది ఎవరు? చదువు మధ్యలో ఆగిపోయిన మా అన్నలూ బాబాయిలే. ఆ పనికి విద్య అనే పేరు ఎన్నడూ పెట్టలేదు. డిగ్రీవాడు కాగితం మీద గీస్తే డిజైను! మేం ఇనుము మీద గీస్తే జుగాడ్!

ఆ మాట వింటేనే మాకు ఒళ్ళు మండుతుంది. జుగాడ్ అని పెద్ద పెద్దవాళ్ళు మెచ్చుకుంటారు. మేనేజిమెంటు పుస్తకాల్లో రాస్తారు. 2021 డిసెంబరులో మహారాష్ట్ర సాంగ్లి జిల్లాలో ఇనప పని చేసుకునే ఒకాయన కొడుకు కోసం పాత సామానుతో నాలుగు చక్రాల బండి కట్టాడు. ఖర్చు సుమారు 60 వేలు. దేశమంతా చూసింది. ఆనంద్ మహీంద్రా మెచ్చుకుని, ఇది రూల్సుకి నిలవదు గనక బండి మాకిచ్చి బొలెరో తీసుకోమన్నాడు. 2022 జనవరిలో ఇచ్చాడు కూడా. ఇచ్చినాయన్ని తిట్టం, పుచ్చుకున్నాయన్ని అసలే తిట్టం. కానీ ఆలోచించండి. ఆ బండి కంపెనీ వాళ్ళ దగ్గర ప్రదర్శనకి పోయింది. కట్టిన చెయ్యి మళ్ళీ కట్టుకోవచ్చునని మాత్రం ఎవరూ చెప్పలేదు. మెచ్చుకోలు ఒకడికి, బహుమతి ఒకడికి. దారి ఎవడికీ లేదు!

అదే 2022 ఏప్రిల్‌లో పంజాబులో ఏం జరిగింది? మోటారు సైకిలుకి తోపుడుబండి తగిలించి ఇటుకలు, కూరగాయలు తోలుకునే బీదవాళ్ళ బళ్ళను పట్టుకోమని పోలీసులకు ఉత్తర్వు వెళ్ళింది. జనం రోడ్డెక్కారు. ముఖ్యమంత్రి వెనక్కి తగ్గాడు. జనం గోల చేస్తే ఆగింది. చట్టం మాత్రం మారలేదు. మళ్ళీ ఏ పొద్దునైనా పట్టుకోవచ్చు.

ఇప్పుడు కొందరు మర్యాదస్తులు అంటారు: "ప్రాణాలకు ప్రమాదం కదండీ? ఎవడు పడితే వాడు బండి కట్టి రోడ్డు మీదికి తెస్తే ఎట్లా?" మంచి ప్రశ్న. మేమూ అదే అడుగుతున్నాం. రోడ్డు మీద చచ్చేదెవరు? మిరపకోతలకు ట్రాలీ ఆటోలో కుక్కి తీసుకుపోయే మా ఆడవాళ్ళు. ట్రాక్టరు తిరగబడి చచ్చే మా కూలీలు. వాటిలో ఆమోదం ఉన్నవీ ఉన్నాయి! నంబరు ఉన్నవీ ఉన్నాయి! ఇంకో మాట కూడా ఒప్పుకుంటాం. 2013లో సుప్రీంకోర్టు జుగాడ్ కూడా మోటారు వాహనమేనని, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు లేకుండా తిరగకూడదని చెప్పింది. అది న్యాయమే. ఇన్సూరెన్సు లేని బండి గుద్దితే గుద్దించుకున్నవాడి పెళ్ళాంపిల్లలకు దిక్కుండదు. ఆ గుద్దించుకునేవాడూ నడిచిపోయే మనవాడే. అందుకే మేం నంబరు వద్దనడం లేదు. నంబరు కావాలంటున్నాం! రిజిస్ట్రేషను ఉంటేనే ఇన్సూరెన్సు. పరీక్ష ఉంటేనే రిజిస్ట్రేషను. ఆ పరీక్ష గదికి మా వైపు నుంచి తలుపే లేదు. తలుపు పెట్టకుండా "లోపలికి రాలేదేం" అని కొడుతున్నారు.

తలుపు పెట్టడం కుదరదా? ఇంగ్లండులో పెట్టారు. అక్కడ ఇంట్లో కట్టుకున్న ఒక్క బండినైనా సర్కారు తనిఖీ కేంద్రానికి తీసుకుపోవచ్చు. బ్రేకులు, స్టీరింగు, దీపాలు, సీటుబెల్టులు, గుచ్చుకునే అంచులు, పొగ, చప్పుడు ఒక్కొక్కటీ చూస్తారు. తప్పితే ఎందుకు తప్పిందో కాగితం మీద రాసిస్తారు. సరిచేసుకుని మళ్ళీ రావచ్చు. పాసైతే రిజిస్ట్రేషను. పాత సామానుతో కట్టి వయసు తేలని బండికి 'క్యూ' అక్షరంతో నంబరు ఇస్తారు. ఈ పద్ధతి ఇప్పటి రూపంలో 2009 నుంచీ ఉంది. అమెరికాలో రాష్ట్రాలు సొంతంగా కట్టిన బండికి ప్రత్యేకమైన నంబరు వేసి కాగితాలు ఇస్తాయి. అక్కడ అది ఆదివారం సరదా. మాకు అది సోమవారం కూడు. సరదాకి దారి ఉన్న లోకంలో కూటికి దారి లేదా?

పోనీ, ఇక్కడ చట్టం అందరికీ ఒకటేనా? బళ్ళ ముందు బిగించే ఇనప గార్డులు అక్రమమని 2017 డిసెంబరులో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. ఆ తర్వాత కూడా అవి బిగించుకున్న పెద్ద బళ్ళు మా పేట మీదుగా ఎన్ని పోలేదు? ఆ గార్డు కాలినడకన పోయేవాడి నడుముకి తగులుతుంది. దాన్ని ఆపి "ఎవడ్రా ఇది బిగించింది" అని అడిగినవాణ్ణి మేం చూడలేదు. నల్ల అద్దాల బండికి సెల్యూటు, మా కూరగాయల బండికి గొలుసు!

ఇంకో కిటుకు చూడండి. మా పేరు మీద సర్కారు డబ్బు ఇవ్వడం లేదా అంటే ఇస్తుంది. కార్పొరేషను లోను అయితే డీలరు కొటేషను తెమ్మంటారు. 2021లో తెలంగాణలో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలన్నారు. హుజూరాబాదులో చాలామంది ట్రాక్టర్లూ కార్లూ సరుకు బళ్ళూ తీసుకున్నారు. బళ్ళు రావడం మంచిదే. మా వాళ్ళు ఓనర్లు కావడం ఇంకా మంచిది. కానీ డబ్బు నడిచిన దారి చూడండి. పేట పేరు మీద బయల్దేరింది, షోరూములో దిగింది. ఆ 10 లక్షల్లో ఒక వెల్డింగు షెడ్డు లేవదా? పదిమందికి పని దొరకదా? షెడ్డువాడి కొటేషను చెల్లదు. ఎందుకంటే వాడు కట్టిన బండికి నంబరు రాదు. నంబరు ఎందుకు రాదంటే వాడు కంపెనీ కాదు. మమ్మల్ని కొనుక్కునేవాళ్ళుగా ఒప్పుకుంటారు, తయారుచేసేవాళ్ళుగా ఒప్పుకోరు. అసలు గుట్టు ఇక్కడుంది.

కాబట్టి మేం అడిగేది దయ కాదు. బహుమతి బొలెరో కాదు. వినండి:

ఒకటి. ఇంట్లో, షెడ్డులో కట్టిన ఒక్కో బండిని విడిగా పరీక్షించే ఏర్పాటు ప్రతి జిల్లాలో పెట్టాలి. ఏం చూస్తారో, ఎంత ఉండాలో తెలుగులో అచ్చు వెయ్యాలి.

రెండు. పరీక్ష కఠినంగానే ఉండనీ. ఫీజు మాత్రం కంపెనీవాడికి కాదు, కూలివాడికి అందేలా ఉండాలి. తప్పితే కారణం రాసివ్వాలి. సరిచేసుకోను గడువివ్వాలి.

మూడు. పాసైన బండికి ఎంత బరువు వెయ్యాలో, ఎంత వేగంతో పోవాలో రాసి నంబరివ్వాలి. మూడో మనిషి ఇన్సూరెన్సు ఇప్పించాలి.

నాలుగు. షెడ్డు పనివాడి చేతిపనిని పరీక్షించి యోగ్యతాపత్రం ఇవ్వాలి. వాడి కొటేషను లోనుకి చెల్లాలి.

తమ్ముళ్ళారా, షెడ్లలో పనిచేసే అన్నలారా! దొంగచాటుగా, రాత్రిపూట, సందుల్లో తోలుకుందామని చూడకండి. మేం చేసిన పొరపాటు అదే. కొలతలు రాసుకోండి. ఎక్కడ వెల్డింగు పెట్టారో, ఎంత బరువుకి ఎంత దూరంలో ఆగిందో పుస్తకంలో ఎక్కించండి. పనిచేసేటప్పుడు ఫొటోలు తీయించండి. "మీరేమన్నా ఇంజనీర్లంట్రా" అని అడిగినవాడి ముందు ఆ పుస్తకం తెరవండి. ఒక్కొక్కరు పోతే తోలేస్తారు. పేటలన్నీ, షెడ్లన్నీ కలిసి పోదాం.

మా బండి వెనక తలుపు మీద నంబరు పలక కోసం జాగా వదిలి, చుట్టూ పసుపు గీత గీసి పెట్టాం. అది ఇంకా ఖాళీగానే ఉంది. పరీక్ష పెట్టండి. తప్పితే మళ్ళీ కడతాం. పాసైతే నంబరివ్వండి!