అమ్మ స్తోత్రాల జాబితా

సిలబస్ మీద రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. దాన్ని ఈసారికి పక్కన పెడుతున్నా. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

అంబేడ్కర్ జయంతి సభ అయ్యాక కుర్చీలు సర్దుతూ అడిగాడు. "మేడం, స్టేజీ మీద కులనిర్మూలన గురించి అంత గట్టిగా మాట్లాడతారు. ఆదివారం చర్చికెళ్లి దేవుడికి థాంక్స్ చెప్పొస్తారు. మనకేం ఇచ్చాడని థాంక్స్?" వెటకారం లేదు అందులో. వాళ్లింట్లోనూ రోజూ ప్రార్థన ఉంటుంది. అదే అతని ఇబ్బంది.

అప్పటికి ఏదో చెప్పాను. మతాన్ని మత్తుమందు అన్న మార్క్స్, ఆ మాటకు ముందు ఏమన్నాడో కూడా చదువు అన్నాను. లెక్చరర్ బుద్ధి, పుస్తకం చూపించి తప్పించుకోవడం. సరైన సమాధానం మా అమ్మ దగ్గరుంది.

అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తుంది. పొయ్యి వెలిగించకముందే మంచం పక్కన మోకాళ్లూని స్తోత్రం మొదలుపెడుతుంది. మోకాళ్లు అరిగిపోయాక మంచం మీదే కూర్చుని చేస్తోంది. చిన్నప్పుడు దుప్పట్లోంచి వినేదాన్ని. మిరపకోతలకి ఆటో వచ్చినందుకు స్తోత్రం. నిన్నటి కూలి బాకీ పెట్టకుండా ఇప్పించినందుకు స్తోత్రం. పక్కింటామె మనవడికి జ్వరం దిగినందుకు, బోరింగులో నీళ్లు పడినందుకు, పాము కనపడి కూడా కరవనందుకు స్తోత్రం. మా పల్లె వార్తలు నాకు తెలిసేది ఆ ప్రార్థనలోనే. పేపరు వేసే అబ్బాయి మా వీధిలోకి వచ్చేవాడు కాదు.

ఆ జాబితాలో ఒకటి పెద్దయ్యాకగానీ నాకు తట్టలేదు. కూలి ఇచ్చిన ఆసామి పేరు అందులో ఏనాడూ లేదు. ఆసామి ఇచ్చాడు అనదు అమ్మ, ఇప్పించావు అంటుంది.

ఈ చిన్న తేడాను తేలిగ్గా తీసుకోకండి. ఊళ్లో కృతజ్ఞత మన నుంచి వసూలు చేసే పన్ను. మా తాత ఒక ఇంట్లో పాలేరుగా చేశాడు. దుక్కి దున్నాడు, పశువుల పేడ ఎత్తాడు, పంట ఇంటికి చేర్చాడు. అయినా లెక్కలో ఆయన "వాళ్ల ఉప్పు తిన్నవాడు". కూలి పెంచమంటే "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా" అనేవాళ్లు. తెలుగు పాఠాల్లో ఈ సామెత వచ్చినప్పుడల్లా పిల్లల్ని అడుగుతుంటాను, ఆ వాసాలు మోసుకొచ్చి ఎక్కించింది ఎవరు అని. మనకు రావాల్సింది మనకిస్తూ దాన్ని దయ అని పిలిచారు. "అయ్యా, మీ దయ" అని చేతులు కట్టుకుని చెప్పేదాకా కొలత గింజలు చేతికి రావు. అలాంటి నోటితో మా అమ్మమ్మల కాలం వాళ్లు స్తోత్రం ఇంకొకరికి చెల్లిస్తామన్నారు. ఆసామి తల మీదుగా పోయే కృతజ్ఞత అది. ఊరికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

1876-78 కరువు కథ మనవాళ్లలో చాలామందికి సగమే తెలుసు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. గంజి కోసం మతం మారారని మనల్ని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లున్నారు. ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, సరిగ్గా ఆ మాట పడకూడదనే. ఆ తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లకంటే ముందే, 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఊరూరా తిరిగి మాట చెప్పాడు. మన చరిత్ర పుస్తకాల్లో దొర పేరు ఉంటుంది, పేరయ్య పేరు వెతుక్కోవాలి.

చేరినవాళ్లకు పెట్టిన నియమాల్లో ఆదివారం పని చెయ్యకూడదన్నది ఒకటి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదన్నది ఇంకోటి. మొదటిదాన్ని భక్తి అనుకుని వదిలేస్తాం. ఏడాది పొడుగునా ఒకరి దొడ్లో పడుండే మనిషి వారానికి ఒకరోజు "రాను" అనడం అది. కార్మిక సంఘాలు మన పల్లెల మొహం చూడని కాలంలో వారాంతపు సెలవు మనవాళ్లకు ఆ దారిలో వచ్చింది. ఆ రోజు తలకు నూనె పెట్టుకున్నారు, ఉతికిన గుడ్డ కట్టుకున్నారు, పిల్లల్ని పేర్లతో పిలుచుకున్నారు. ఆనందం అనే మాట నాకు ఆ నూనె వాసనతోనే అర్థమవుతుంది.

ప్రభువు బల్ల గురించి ఒక్క మాట. టీ కొట్లో మనకు వేరే గ్లాసు పెట్టిన ఊళ్లోనే, చర్చిలో ఒకే గిన్నె ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారింది.

తెలుగు సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఇదీ చెప్పాలి. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు రాసిన క్రైస్తవ కీర్తనలను చదువురాని కూలీ ఆడవాళ్లు తరాలుగా కంఠతా పాడుతున్నారు. మన సాహిత్య చరిత్రలు వాటికి ఎంత చోటిచ్చాయో మీరే తిరగేసి చూడండి. జాషువాకు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది "క్రీస్తు చరిత్ర"కు. పరీక్షలో అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది "గబ్బిలం" అని రాస్తారు.

ఇక అసలు గొడవకొస్తా. స్తోత్రం పేరుతో మనల్ని నోరుమూసుకోమనే బోధ కూడా ఉంది. అది చిన్నదేం కాదు. "ఉన్నదానితో తృప్తిపడు, కోర్టులకెక్కకు, ప్రభువు చూసుకుంటాడు" అని బాధితుల ఇంటికే వచ్చి చెప్పిన బోధకుల్ని చూశాను. కవర్లో కృతజ్ఞతార్పణ ఎంత పెడితే దీవెన అంత అని మైకులో లెక్కలు చెప్పేవాళ్లనూ చూశాను. ఊళ్లో ఆసామి చేసిన వసూలే ఇక్కడా జరుగుతోంది, కాకపోతే చేతిలో బైబిలు ఉంది. మాల చర్చి, మాదిగ చర్చి అని విడివిడిగా కట్టుకున్న సిగ్గు మనదే. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు పెళ్లి సంబంధాల దగ్గర ఏం అడుగుతారో అందరికీ తెలుసు. బాబాసాహెబ్ క్రైస్తవులైన దళితుల మీద చేసిన విమర్శ, హక్కుల కోసం కలిసి కొట్లాడరని, మనకు ఇప్పటికీ గుచ్చుకోవాలి.

కానీ 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి నరికినప్పుడు, తప్పించుకున్న జనం చేరింది చీరాల చర్చి ఆవరణకే. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ లేచింది. ప్రార్థనా, పోరాటమూ ఒకే చెట్టు కింద వండుకుని తిన్నాయి. రెంటినీ విడదీసి చూపించమని నన్ను అడిగితే ఎక్కడని గీత గీయను?

మా ఇంట్లో రెండో ముడి సర్టిఫికెట్. నాన్న నన్ను బళ్లో వేసేటప్పుడు మతం దగ్గర క్రైస్తవం అని రాయించాడు. దేవుణ్ని దాచుకోను అన్నాడట. దాంతో నేను బీసీ-సీ అయ్యాను, ఒక్క శాతం. మా చిన్నాన్న పిల్లలు అదే వీధి, అదే చర్చి, ఎస్సీలు. రాష్ట్రపతి ఉత్తర్వు 1950లో హిందువులకే అని గీత గీసింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్ని కలపమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది, 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. కదలలేదు. కులం పేరుతో నన్ను తిట్టినవాడు నా మతం అడిగి తిట్టడు, కేసు పెట్టబోతే మాత్రం అట్రాసిటీ చట్టం అడుగుతుంది. అందుకే మన పల్లెల్లో చర్చి రిజిస్టరులో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు. పొద్దున గట్టిగా పాడిన నోరు ఎమ్మార్వో ఆఫీసులో గుసగుసలాడుతుంది. తమ ఆనందాన్ని అలా దాచుకోవాల్సి వస్తున్నవాళ్లను అబద్ధాలకోరులని నేను అనలేను. అలా రాయించిన నాన్న మీద చాలా ఏళ్లు నాకు కోపం ఉండేది. అదీ నిజమే.

ఒకసారి అమ్మను అడిగాను, "ఇన్నింటికి స్తోత్రం చెప్తావు, నా సర్టిఫికెట్‌కి ఎందుకు చెప్పవే?" అని.

"అది ఆయన ఇచ్చింది కాదుగా. గవర్నమెంటోళ్లు చేసిన పని. దానికి స్తోత్రం ఎందుకు చెప్తా, తిడతా" అంది.

అన్నిటికీ తలూపే భక్తి అని అనుకుంటున్నారా అమ్మది? వర్షానికి చెప్తుంది, వరద సాయం తినేసినవాడికి చెప్పదు. మోకాలికి చెప్తుంది, ఆసుపత్రిలో విసుక్కున్నవాళ్లకి చెప్పదు. ప్రతి పూటా అత్తెసరు పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తుంది, వారం తిరిగేసరికి అది చర్చికి కానుక. పోయినేడు పక్కవీధిలో ఒకాయన పనిలో ఉండగా కరెంటు షాక్ కొట్టి పోయాడు. ఆ వారం డబ్బా వాళ్లింటికెళ్లింది. అయ్యగారు అడిగితే "చేరాల్సిన చోటికే చేరింది" అందట. నష్టపరిహారం కోసం మేం ధర్నా చేసినప్పుడు ఎండలో మూడు గంటలు కూర్చుంది, మధ్యలో ఒక కీర్తన కూడా ఎత్తుకుంది. మా కామ్రేడ్లు ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు. రెండో చరణానికి డప్పు కలిసింది.

ఆ విద్యార్థికి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఒప్పుకున్నాడని అనుకోను. వచ్చే ఆదివారం ఊరికి వస్తానన్నాడు, చర్చిలోకి రాడట, అమ్మతో మాట్లాడతాడట. అమ్మకు చెప్తే ఒకటే అడిగింది, గొడ్డుమాంసం తింటాడా, కోడి కొయ్యాలా అని.