నీళ్ళలో చేపకు దాహం

పిల్లలూ, సముద్రంలోని పగడపు దిబ్బలలో పొట్టి ఏంజెల్ చేపలుంటాయి. వాటిలో ఫ్లేమ్ ఏంజెల్ అనేది నిప్పురంగులో, నల్లని చారలతో ఉంటుంది. పొడవు సుమారు 10 సెంటీమీటర్లే. రాళ్ళమీది నాచు కొరికి తింటుంది.

దీనిని అనంతపురంలో గాజుతొట్టిలో పెంచవచ్చునా? పెంచవచ్చు. వంట ఉప్పు పనికిరాదు. సముద్రపు లవణాల పొడి కొని శుద్ధమైన నీటిలో కలుపుకోవాలి. ఆ తరువాత ఒక లెక్క తెలిసి ఉండాలి.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 200 లీటర్ల తొట్టిలో 7 కిలోలన్నమాట. అనంతపురంలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లే; ఎండ ఎక్కువ. తొట్టిలో 20 లీటర్లు ఆవిరైపోయాయనుకోండి. నీరు పోతుంది గాని ఉప్పు పోదు. కావాలంటే పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి ఎండలో పెట్టి చూడండి! తొట్టిలో ఇప్పుడు లీటరుకు 39 గ్రాములు.

అయితే చేపకేం? చేప ఒంట్లోకన్న సముద్రంలో ఉప్పు ఎక్కువ. అందుచేత దాని ఒంట్లోని నీరు బయటికి పోతూనే ఉంటుంది. అది నీరు తాగుతూ, అదనపు ఉప్పును మొప్పల గుండా పంపివేస్తుంది. ఉప్పు పెరిగినకొద్దీ ఈ పని కష్టమై, ప్రాణం మీదికి వస్తుంది.

కనుక తగ్గినంత నీరు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. బోరునీటిలోనూ లవణాలుంటాయి, ఆర్.ఓ. యంత్రంలో శుద్ధి చేసిన నీరు మేలు. తొట్టిమీద గీత గీసి, రోజూ అంతవరకు నింపండి.

ఈ చేపలను చాలావరకు సముద్రంలోనే పట్టి తెస్తారు. రోజూ గీత చూసే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.